ముదినేపల్లి దాహము – పంచాయతీ అధికారము

గుడివాడనుండి భీమవరము పోవు 165వ జాతీయ రహదారిపై ప్రయాణించువారికి ముదినేపల్లి ప్రాంతమున కనుచూపుమేర నీరే కనిపించును. గట్లు, గట్లనడుమ చేపలచెఱువులు, వాని ప్రక్క కాలువలు, కాలువలకావల మురుగుకాలువలు. ఇంత నీటినడుమ నివసించు గృహస్థు త్రాగుటకు మాత్రము ఇరువది లీటర్ల డబ్బాను వెలయిచ్చి కొనుక్కొనుచున్నాడు. ఎడారిలోని పట్టణమున నీరు లేదనిన ఆశ్చర్యపడువారుండరు. కృష్ణాడెల్టాలో, కొల్లేటి సమీపమున, మంచినీళ్లకు మొగము వాచుట యెట్టిది? ఇది ప్రకృతి సృష్టించిన ఎడారి కాదు. దీని పుట్టుకలో పరిపాలనకు పాలున్నది కనుకనే నేడు దీనినిగూర్చి వ్రాయ నుద్యుక్తులమైతిమి.

ముదినేపల్లి పెరిగిన గ్రామము. రహదారి పొడవున అంగళ్లు వెలసినవి, మేడలు లేచినవి, చేపల మేతయు మందులును అమ్మువారు, మంచుగడ్డల వర్తకులు, లారీల యజమానులు వచ్చి చేరిరి. గ్రామము పెరిగినది గాని దాని పంచాయతీ పెరుగలేదు. మా వాదమంతయు ఈ యొక్క మాటలోనే యున్నది.

పూర్వకథ కొంత జ్ఞాపకము చేసికొనక తప్పదు. 1832-33లో నందన సంవత్సరపు కఱవు కృష్ణకు రెండువైపులను ప్రజలను తుడిచిపెట్టిన తరువాతనే ఈ సీమకు నీటి విలువ దొరతనమువారికి బోధపడినది. కాటను దొర యోచనపై బెజవాడవద్ద ఆనకట్ట 1855 నాటికి పూర్తియయ్యెను. దాని స్థానమున 1957లో ప్రకాశము బ్యారేజి వచ్చెను. కాని పాఠకులు ఒక విషయమును గమనింపవలెను. కాలువలు త్రవ్వినది పంటకును, పడవలకును, వానివలన వచ్చు శిస్తుకును. త్రాగునీరు ఆ కాలువవెంట తనంతట వచ్చిన ఉపకారమేగాని, లెక్కలలో వ్రాసిన హక్కు కాదు. ఆ నాటి లోపము నేటికిని మనలను విడువలేదు. కాలువకు అధికారి వేఱు, ఊరికి అధికారి వేఱు. దాహము ఊరిది, తాళపుచెవి కాలువవానిది.

వేసవిలో జరుగు పని చూడుడు. పంట ముగియగానే కాలువలు కట్టివేయుదురు. త్రాగునీటికని కొన్ని దినములు మాత్రము నీరు విడుతురు. ఆ దినములలోనే పంచాయతీవారు తూము తెఱచి మంచినీటిచెఱువును నింపుకొనవలెను. ఆ నీరే ఇసుకపడకలలో వడగట్టబడి, ఎత్తయిన తొట్టి కెక్కి, కొళాయిలకు దిగి, తొలకరి నీరు కాలువలో కనిపించువఱకు ఊరిని బ్రతికింపవలెను. ఈ సీమలో పెక్కుచోట్ల భూగర్భజలము ఉప్పన. నూయి త్రవ్వి దాహము తీర్చుకొందమన్న అవకాశము లేదు. ఇంతటి ప్రాణాధారమైన కార్యములో పంచాయతీ చేతిలోనున్న దేమి? నీరు విడుచు తేదీని నిర్ణయించునది నీటిపారుదలశాఖ. లాకులవద్ద నిలుచు లస్కరు ఆ శాఖ మనుష్యుడు. కాలువగట్టున యంత్రమును దింపి తన చెఱువునకు నీరు తోడుకొనువాడు ఎగువనున్న ఆసామి. వానిని అడ్డగించుటకు సర్పంచికి బలగము లేదు. శివారు గ్రామములకు నీరు చేరునప్పటికి విడిచిన దినములలో సగము గతించును. చేరినది ఎట్టి నీరు? గుఱ్ఱపుడెక్క కుళ్లినది కొంత, చేపలచెఱువులను కడిగి కాలువలోనికి వదలినది కొంత. అట్లుండియు, చెఱువు నిండలేదని, నీరు కంపుకొట్టుచున్నదని బిందెలతో వచ్చిన స్త్రీలు నిలుచునది ఏ యింజనీరు కచేరి యెదుటనో కాదు. పంచాయతీ కార్యాలయము ముందు. అధికారము లేని చోట బాధ్యతను నిలిపి, బాధ్యత లేని చోట అధికారమును దాచుట మన పరిపాలనలో చిరకాలముగ సాగుచున్న విద్య.

చేపలచెఱువులను మేము నిందింపబూనలేదు. శివారు భూమిలో వరి వేసి, నీరందక ఒక యేడును, మురుగు లాగక ఒక యేడును, తుపానుపాలై మఱియొక యేడును నష్టపడిన రైతు, బొచ్చెయు శీలావతియు పెంచినచో అప్పు తీరునని విన్నపుడు గట్టు వేయకుండ నెట్లుండును? కొల్లేటిలో 1970వ దశకమున సహకారసంఘముల పేర ప్రభుత్వమువారే చెఱువులు త్రవ్వించి దారి చూపిరి. ఆ దారి విశాలమై సరస్సునే మ్రింగుచుండగా, 1999లో 120వ ఉత్తరువుతో అయిదవ కాంటూరువఱకు దానిని అభయారణ్యముగ ప్రకటించి, 2006లో ఆ గట్లను యంత్రములతో పగులగొట్టిరి. సరస్సు గర్భమునుగూర్చి ఇంత కలకలము జరిగినది గాని, దాని వెలుపల వరిపొలములలో క్రమముగ సాగిన మార్పు నంతగా పట్టించుకొన్న వారు లేరు. ఒకడు చెఱువు త్రవ్వినచో ఊటనీరు ప్రక్క చేనిలోనికి దిగును. ప్రక్కవాని వరి చెడును. రెండవ యేట వాడును త్రవ్వును, లేక త్రవ్వువానికి కౌలున కిచ్చును. ఇట్లు ఒక్కని నిర్ణయము పదిమందికి శాసనమగుచున్నది. ఈ చేపలు హౌరాకును అస్సామునకును లారీలపై పోవుచున్నవి. ధనము వచ్చుచున్నది, కాదనము. నాటులును కోతలును పోయినందున కూలిదినములు తగ్గిన స్త్రీలకు ఆ ధనములో భాగమెంత యని అడుగువారు మాత్రము అరుదు.

ఇక పంచాయతీ పెట్టెలోనికి తొంగిచూతము. ఆ పెట్టెకు స్వంతముగ నున్న ముఖ్యాధారము ఇంటిపన్ను. చెఱువు ఇల్లు కాదు! ఎకరములకొలది పొలము చెఱువై కౌలు ఎంత పెరిగినను ఇంటిపన్నులో ఒక్క పైసయు పెరుగదు. ఆ చెఱువులకు మేత మోయు లారీలు త్రొక్కిన ఊరిబాటను బాగుచేయుట మాత్రము పంచాయతీ పనియే. మిగిలిన దానికి పైనుండి వచ్చు ద్రవ్యముపై ఆధారపడవలెను. 2021నుండి 2026వఱకు గల కాలమునకు 15వ ఆర్థికసంఘము గ్రామములకు నిర్ణయించిన ద్రవ్యములో నూటికి అరువది పాళ్లు త్రాగునీటికిని పారిశుద్ధ్యమునకును కట్టుబెట్టినది. ఉద్దేశము మంచిది. కాని 2021, 2022 సంవత్సరములలో ఆర్థికసంఘపు సొమ్మును రాష్ట్రప్రభుత్వము విద్యుత్ బకాయిల క్రింద మళ్లించెనని ఆంధ్రదేశపు సర్పంచులు పక్షభేదము లేక వీథి కెక్కి మొఱపెట్టుకొనిరి. వీథిదీపములకు, నీటి మోటార్లకు పంచాయతీలు బాకీపడుట నిజమే కావచ్చును. ఐనను ఇంటివాని నడుగక వాని పెట్టె తెఱచి అప్పు తీర్చుకొనుట వ్యవహారధర్మ మనిపించుకొనదు.

చట్టము లేదనుటకు వీలులేదు. 1993 ఏప్రిలు 24న అమలులోనికి వచ్చిన 73వ సవరణ రాజ్యాంగమునకు పదునొకండవ షెడ్యూలును చేర్చినది. పంచాయతీలకు అప్పగింపదగినవని అందు 29 విషయములు పేర్కొనిరి. అందు చేపల పెంపకము అయిదవది, త్రాగునీరు పదునొకండవది. ముదినేపల్లివారికొఱకే వ్రాసినట్లున్నది! కాని ఆ విషయములను అప్పగించు అధికరణములో శాసనసభ 'అప్పగింపవచ్చును' అని యున్నదేగాని 'అప్పగింపవలెను' అని లేదు. ఆ యొక్క క్రియాపదపు సందున ముప్పది సంవత్సరములకు పైగా గ్రామస్వరాజ్యము చిక్కుకొని యున్నది. నేడు వరిపొలమును చేపలచెఱువుగ మార్చుటకు అనుమతి నొసగు అధికారము కలెక్టరు అధ్యక్షతన నున్న జిల్లా సంఘమునది. ఏ గట్టు ఏ మంచినీటిచెఱువున కెంత దగ్గఱయో ఎఱిగినవాడు ఊరిలో నుండును; సంతకము చేయువాడు జిల్లాకేంద్రమున నుండును.

ఎడారి మాట యెత్తితిమి గనుక నొక యెడారి పట్టణమును స్మరింతము. ఈ దేశమున పంచాయతీరాజ్యమునకు 1959 అక్టోబరు 2న నెహ్రూ పండితుడు దీపము వెలిగించిన చోటు రాజస్థానములోని నాగౌరు. అక్టోబరు 11ననే ఆయన మన షాద్‌నగరమున ఆంధ్రప్రదేశపు పంచాయతీసమితికి ప్రారంభోత్సవము చేసెను. రాజస్థానము తరువాత రెండవ రాష్ట్రము మనదియే. నాగౌరు సీమలో భూగర్భజలమున ఫ్లోరైడు విషము. వానచుక్కను ఇంటింట తొట్లలో దాచుకొనుట అచటి పూర్వాచారము. తరువాతి కాలమున ఎంతో దూరమునుండి ఇందిరాగాంధీ కాలువ నీటిని ఎత్తిపోసి ఆ సీమకు తెచ్చిరి. ఆ కాలువ నీరు వారికి త్రాగుటకే వచ్చుచున్నది గనుక దాని విలువ వారెఱుగుదురు. మనకు నీరు ఇంటిముందుగ పాఱుచు పోవుచున్నందున, అది మన కొళాయిలోనికి ఏ మార్గమున, ఎవరి అనుగ్రహమున వచ్చుచున్నదో విచారించు అలవాటు లేకపోయినది.

హద్దుల మార్పులలో మాత్రము ముదినేపల్లికి ఎన్నడును కొదువ లేదు. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినపుడు మండలకేంద్రమయ్యెను. దాని పేర నుండిన శాసనసభా నియోజకవర్గము 2009 ఎన్నికలనాటికి అంతరించి, మండలము కైకలూరులో కలిసెను. 2022 ఏప్రిలు 4న జిల్లాల పునర్విభజనలో, తరతరములుగ బందరును జిల్లాకేంద్రముగ నెఱిగిన ఈ మండలము ఏలూరు జిల్లాకు చెందెను. కొల్లేటికి రెండు గట్లను ఒక్క కలెక్టరు క్రిందికి తెచ్చుటలో యుక్తి యున్నదని మే మంగీకరింతుము. కాని ముదినేపల్లి నీరు కొల్లేటినుండి రాదు, బెజవాడనుండి వచ్చును. ఇప్పుడా కాలువ తల ఎన్.టి.ఆర్. జిల్లాలో, నడుము కృష్ణాజిల్లాలో, తోక ఏలూరు జిల్లాలో నున్నవి. తోకనున్నవాడు తలనున్న అధికారితో మాటాడవలెనన్న మూడు కచేరీలు తిరుగవలెను. పైగా కైకలూరునుండి కొల్లేటిమీదుగ ఏలూరు పోవు బాట వఱదలలో నమ్మదగినది కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినపుడు ఆ బాటపై నీరు పాఱి రాకపోకలు నిలిచినవి.

2019లో వచ్చిన గ్రామ సచివాలయములనుగూర్చి ఒక్క మాట చాలును. ఉద్యోగులు ఊరికి వచ్చిరి, మంచిదే. వారు సర్పంచికి జవాబుదారులా, జిల్లాలోని తమ తమ శాఖలకా యన్న సందేహమునుగూడ వెంట తెచ్చిరి.

గ్రామము పెరిగినచోట తఱచుగ సూచింపబడు చికిత్స యొకటి కలదు: నగరపంచాయతీగ మార్చుట. ఇదే రహదారిపైనున్న ఆకివీడు 2020లో అట్లు మాఱెను. ఆకివీడు సంగతి ఆకివీటివారు చెప్పుకొందురు. పేరు మాఱినంతమాత్రమున అధికారము పెరుగునా, పన్ను మాత్రమే పెరుగునా యన్న ప్రశ్న కాంధ్రులు ఒకప్పుడే ప్రత్యుత్తర మిచ్చి యుండిరి. చీరాల-పేరాల యూనియనులో నాలుగువేల రూపాయలుండిన పన్ను, 1919లో దానిని మునిసిపాలిటీగ చేయుటతో నలువదివేలకు ఎగబ్రాకినది. నేత నేయువారికిని చిన్నరైతులకును ఆ భారము దుస్సహమయ్యెను. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు నాయకులుగా ప్రజలు ఇండ్లు విడిచి ఊరివెలుపల రామనగరమున పాకలు వేసికొని సుమారు పదునొకండు నెలలు ఎండకును వానకును ఓర్చిరి. నాయకుడు చెఱసాలకు పోవుటతోను, కష్టములు దుర్భరములగుటతోను వారు మరల గృహములకు వచ్చిరి గాని, వారు వేసిన ప్రశ్న తిరిగి పోలేదు. వారు కోరినది పన్ను లేకుండుట కాదు. తమ ఊరెట్లుండవలెనో తమ్మడుగకుండ నిర్ణయించుటను వారు ఒప్పుకొనలేదు.

కనుక ముదినేపల్లికి పట్టణపు పేరు పెట్టుటకు ముందు ప్రభుత్వము చేయవలసిన పని యున్నది. చేపలచెఱువుల అనుమతులవలనను లైసెన్సులవలనను వచ్చు ద్రవ్యములో నిర్దిష్టమైన భాగము ఆయా గ్రామపంచాయతీలకే చెందునట్లు ఉత్తరువు చేయవలెను. మంచినీటిచెఱువులకును, వానిని నింపు కాలువలకును సమీపమున క్రొత్తగట్టు వేయుటకు గ్రామసభ అంగీకారము లేనిదే జిల్లా సంఘము సంతకము చేయరాదు. ఈ రెంటికిని రాజ్యాంగసవరణ అవసరము లేదు. శాసనసభకు ఇచ్చ యుండిన చాలును. గ్రామసభయు నిద్రపోరాదు. సభ జరిగినదని పుస్తకములో వ్రాసికొని సంతకములు ఇంటింటికి పోయి చేయించుకొను ఆచారము మన గ్రామములలో నున్నది. చెఱువుల యజమానులే సభ్యులై, వారి బంధువులే సభికులైన చోట సభ అంగీకారమునకు అర్థమేమి యని అడుగువారికి, సభకు కూలిజనమును స్త్రీలును వచ్చునట్లు చేసికొనుట తప్ప వేఱుపాయము మాకు తోచుట లేదు. బిందె మోయువారు సభలో నున్ననాడు గట్టు వేయువాని కంఠము తగ్గును.

ఒక పని మాత్రము ఏ ఉత్తరువు కొఱకును వేచియుండ నక్కఱలేదు. వేసవిలో త్రాగునీటికి కాలువ విడుచుటకు ముందే పెయ్యేరు, వడాలి, గుఱ్ఱాజ, సింగరాయపాలెము మొదలుగాగల మండలపు పంచాయతీలన్నియు ఒక్కటై, ఏ ఊరి చెఱువునకు ఎన్ని దినముల నీరు కావలెనో లెక్కవ్రాసి, మూడు జిల్లాల కలెక్టరులకును ఇంజనీరులకును పంపవలెను. ఆ లెక్కను ప్రతి పంచాయతీ గోడపైనను అంటింపవలెను. కాలువగట్టున యంత్రములు దించిన చోట ఆ దినములలో గ్రామస్థులే వంతులవారీగ కాపుండవలెను; చెఱువుల యజమానులను ముందుగ పిలిచి, ఆ కొన్ని దినములు తోడవద్దని, మురుగు వదలవద్దని సగౌరవముగ చెప్పవలెను. వారును ఈ ఊరివారే. వారి బిడ్డలును ఆ కొళాయి నీరే త్రాగవలసినవారు. నీరు చేరిన తేదీ, చెఱువు నిండిన తేదీ, నిండక మిగిలిన అడుగులు ఆ గోడమీదనే వ్రాయించి, మఱుసటి గ్రామసభలో సర్పంచి చదివి వినిపింపవలెను.