చీటీ డబ్బులూ... కామ్‌షాఫ్టూ!

"అక్కా, ఈ నెల చీటీ ఎత్తుతున్నవా?"

ఆదివారం పొద్దున్నే వచ్చి, పెట్టిన ఉప్మా కూడా ముట్టకుండా మా తమ్ముడు అడిగిన మొదటి మాట ఇది. ముప్పై దాటినవాడు కదా, పెళ్ళి సంబంధమేదైనా కుదిరిందేమోనని నేను సంబరపడేలోగా జేబులోంచి మడతలు పడిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

"కామ్‌షాఫ్ట్ అక్కా. డ్రాగ్ రేసు కోసం. మూడొందల డిగ్రీలది!"

"జ్వరమైనా నూట నాలుగు దాటదు కదయ్యా!" అన్నారు మావారు పేపరు చాటునుంచి. వాడు నవ్వలేదు. అంటే విషయం గట్టిదేనన్నమాట.

బొల్లారానికీ యాప్రాల్‌కీ నడుమ ఉన్న మా కౌకూరులో వాడికో చిన్న రేకుల షెడ్డు ఉంది. హకీంపేట నుంచి లేచే వాయుసేన విమానాల చప్పుడు కింద వాడి స్పానర్ల చప్పుడు ఎవరికీ వినపడదు. ఆ షెడ్డులో ఏడాదిగా ఒక పాత మారుతి ఎస్టీమ్ కారు పొట్ట విప్పుకుని పడి ఉంది. దాన్ని డ్రాగ్ రేసుకి దింపాలని వాడి పంతం. తిన్నగా ఉన్న దారిలో, నిలబడ్డ చోటునుంచి బయల్దేరి పావు మైలు, అంటే సుమారు 402 మీటర్లు, ఎవరు ముందు దాటితే వాళ్ళే గెలిచినట్టు. అంతే పోటీ.

నలభై వేలు కావాలన్నాడు. మిక్సీ కొనేటప్పుడే వాట్లెన్ని, జాడీలెన్ని అని నాలుగు కొట్లు తిరిగేదాన్ని నేను. అదేమిటో తెలియకుండా అంత డబ్బు ఎలా ఇస్తాను? "నాకు అర్థమయ్యేటట్టు చెప్పు, అప్పుడిస్తాను" అన్నాను. అర్థం కాదులే అన్న ధీమాతో వాడు సరేనన్నాడు. నేను బియస్సీ మాథ్స్ అన్న సంగతి మా ఇంట్లో అందరూ మర్చిపోయారు లెండి!

షోలాపూరు మగ్గంలో ఉన్నదే!

మధ్యాహ్నం అమ్మనీ, మా అమ్మాయినీ తీసుకుని షెడ్డుకి వెళ్ళాను. వాడు చేతిలో పెట్టింది మూరెడు పొడవున్న ఇనుప కడ్డీ. దానిమీద వరసగా కోడిగుడ్డు ఆకారంలో బుడిపెలు. కడ్డీ తిరుగుతుంటే ఆ బుడిపెలు వాల్వుల్ని తోసి తెరుస్తాయి. గాలీ పెట్రోలూ లోపలికి రావడానికి ఒక వాల్వు, పొగ పోవడానికి ఒకటి. క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరిగితే ఇది ఒక్క చుట్టు తిరుగుతుంది.

అమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇది టాపెట్ కదరా! మా మరమగ్గాలల్ల ఉండేది" అంది.

అమ్మ పుట్టింది షోలాపూరులో. బతుకుతెరువు కోసం తెలంగాణ పల్లెలనుంచి అక్కడికి తరలిపోయిన పద్మశాలీ కుటుంబాల్లో మా తాతగారిది ఒకటి. సాదా నేత మరమగ్గంలో అడుగున ఒక షాఫ్టు ఉంటుంది. అదీ పైనున్న క్రాంకు కన్నా సగం వేగంతోనే తిరుగుతుంది. దానిమీది టాపెట్లే పడుగు దారాల్ని ఎత్తి దించుతాయి, నాడెను విసిరిస్తాయి. దారాలు తెరుచుకోకముందే నాడె వస్తే పడుగు పుటుక్కున తెగుతుంది. బట్టకైనా ఇంజనుకైనా సూత్రం ఒకటే. ఎప్పుడు తెరవాలి, ఎంత తెరవాలి, ఎంతసేపు తెరిచి ఉంచాలి!

చిత్రమేమిటంటే, కార్ల కంపెనీలకు కామ్‌షాఫ్టులు చేసి పంపే ప్రెసిషన్ కామ్‌షాఫ్ట్స్ అనే పెద్ద సంస్థ 1992లో పుట్టిందీ ఆ షోలాపూరులోనే.

ఊపిరి పీల్చుకునే ఇంజను

మా వాడి ఇంజనుకి టర్బో లేదు. టర్బో ఉంటే గాలిని బలవంతంగా లోపలికి నెడుతుంది. లేనప్పుడు ఇంజను తనంతట తానే ఊపిరి పీల్చుకోవాలి. అందులోనూ మన హైదరాబాదు సముద్రమట్టానికి అయిదువందల మీటర్లకు పైన ఉంది. ఇక్కడి గాలి మద్రాసు గాలికన్నా అయిదారు శాతం పల్చన. అందుకే ఇలాంటి ఇంజనుకి కామ్ ఎంపిక ప్రాణమంత ముఖ్యం.

కాగితం మీద అంకెలు చాలా ఉన్నాయి గానీ చూడవలసినవి రెండు. వాల్వు ఎన్ని మిల్లీమీటర్లు తెరుచుకుంటుందో చెప్పేది లిఫ్టు. క్రాంకు ఎన్ని డిగ్రీలు తిరిగేదాకా తెరిచి ఉంటుందో చెప్పేది డ్యూరేషను. పిస్టను పైనుంచి కిందికి రావడానికి పట్టేది 180 డిగ్రీలే. కానీ గాలికీ బరువుంది. కదలడానికి సమయం పడుతుంది, కదిలాక ఆగడానికీ పడుతుంది. అందుకే మామూలు కామ్ కూడా వాల్వుని కాస్త ముందే తెరిచి, కాస్త ఆలస్యంగా మూస్తుంది. రేసు కామ్ ఇంకా ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది.

"అయితే ఎక్కువసేపు తెరిస్తే ఎక్కువ గాలి. పెద్దదే మంచిది కదా?" అంది మా అమ్మాయి. "అట్ల చెప్పు కోడలా!" అన్నాడు వాడు.

నాకెందుకో నచ్చలేదు. గుచ్చి గుచ్చి అడిగితే ఒక్కొక్కటీ బయటపడింది. పొగ వాల్వు మూసుకోకముందే గాలి వాల్వు తెరుచుకునే క్షణం ఒకటుంది. ఇంజను జోరుగా తిరిగేటప్పుడు బయటికి పోయే పొగే కొత్త గాలిని లాక్కొస్తుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు మాత్రం ఆ పొగ వెనక్కి తన్ని కొత్త గాలిని పాడుచేస్తుంది. ఇంజను దగ్గుతుంది, వణుకుతుంది. బ్రేకు తొక్కడానికి సాయపడే వాక్యూమ్ తగ్గి బ్రేకు గట్టిపడుతుంది. పైగా వాల్వు ఆలస్యంగా మూసుకుంటే, తక్కువ వేగంలో పీల్చిన గాలిలో కొంత తిరిగి బయటికే పోతుంది. ఆ లోటు పూడ్చడానికి కంప్రెషను పెంచాలి. వాడు అప్పటికే హెడ్డు గీయించి పెంచేశాడు కూడా.

ఇంకో మోసం కూడా ఉంది. ఒక కంపెనీ వాల్వు కదలడం మొదలైన దగ్గర్నుంచి డిగ్రీలు లెక్కేస్తుంది. మరొకటి ఒక మిల్లీమీటరు లేచాక లెక్కేస్తుంది. అమెరికా వాళ్ళు 1.27 మిల్లీమీటర్ల దగ్గర కొలుస్తారు. చీరల గజాలూ మీటర్లూ కలిపి బేరమాడినట్టే! ఒకే పద్ధతిలో కొలిచిన అంకెల్నే పోల్చాలి.

పాల ఖాతా పుస్తకంలో లెక్క

"ఈ పెద్ద కామ్‌కి జోరు ఎక్కడ మొదలవుతుంది?" అని అడిగాను.

"అయిదు వేల చుట్ల కాడ. అక్కడికెల్లి ఎనిమిది వేల దాక గుంజుతది."

"మరి గేరు మారిస్తే చుట్లు పడిపోవూ?"

వాడు నా మొహంలోకి చూశాడు. సంచీలోంచి పాల ఖాతా పుస్తకం తీశాను. ఆ కారులో మొదటి గేరు నిష్పత్తి సుమారు 3.4, రెండోది 1.9. ఎనిమిది వేల దగ్గర గేరు మారిస్తే ఎనిమిది వేలని 1.9తో గుణించి 3.4తో భాగించాలి. వచ్చింది 4,470. అయిదు వేలకన్నా తక్కువ! రెండో గేరులో పడగానే కారు నీరసపడిపోయి, తేరుకునేలోగా పక్క కారు వెళ్ళిపోతుంది.

అదీగాక ఏడు వేలనుంచి ఎనిమిది వేలకి పెంచితే లోపలి కడ్డీల మీద భారం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే దాదాపు ముప్పై శాతం ఎక్కువ. అవి పాత కడ్డీలే కదా!

అదే కాగితం మీద కింద 264 డిగ్రీల కామ్ ఉంది. దాని జోరు 3,500 నుంచి ఏడు వేల దాకా. ఏడు వేల దగ్గర గేరు మారిస్తే 3,900. హాయిగా జోరులోనే ఉంటుంది.

వాడు మూతి ముడుచుకున్నాడు. "లెక్కలు కాయితం మీదనే ఉంటయక్కా. పెద్ద కామ్ సప్పుడే వేరు."

చప్పుడు కోసమా నలభై వేలు అనబోయి ఊరుకున్నాను.

మట్టి చెప్పిన తీర్పు

స్నేహితుడి దగ్గర్నుంచి అలాంటి పెద్ద కామే ఒకటి అరువు తెచ్చి ఉంచాడు వాడు. "కొనేముందు సరిపోతుందో లేదో చూసే మార్గం లేదా?" అంటే, ఉందన్నాడు అయిష్టంగానే. దానికి కావలసింది మా అమ్మాయి స్కూలు సంచీలో దొరికింది. బొమ్మలు చేసుకునే మట్టి!

పిస్టను మీద ఆ మట్టి అద్ది, అంటుకోకుండా వాల్వులకి నూనె రాసి, హెడ్డు బిగించి, స్పానరుతో చేత్తోనే ఇంజనుని రెండు చుట్లు తిప్పాలి. తిప్పింది మా అమ్మాయే. హెడ్డు విప్పి చూస్తే మట్టి మీద వాల్వు అచ్చు పడి ఉంది. బ్లేడుతో కోసి కొలిస్తే, పల్చని చోట మిల్లీమీటరు కూడా లేదు. గాలి వాల్వు వైపు కనీసం రెండు, పొగ వాల్వు వైపు రెండున్నర మిల్లీమీటర్లు ఉండాలట. ఏడు వేల చుట్ల దగ్గర వాల్వు సెకనుకి దాదాపు యాభై ఎనిమిది సార్లు తెరుచుకుంటుంది. స్ప్రింగు ఒక్కసారి వెనకబడినా వాల్వు వెళ్ళి పిస్టనుకి కొట్టుకుంటుంది. హెడ్డు గీయించిన సంగతి ఇక్కడ ఎదురు తిరిగిందన్నమాట.

వాడు ఆ మట్టి ముక్కని చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. "చిన్నదే తీసుకుందాం అక్కా" అన్నాడు చివరికి.

నా షరతు

"అత్తయ్యలూ అమ్మాయిలూ ఈ పోటీలకి వెళ్ళరా?" అంది మా అమ్మాయి, చేతుల గ్రీజు చూసుకుంటూ. ఎందుకు వెళ్ళరు! షిర్లీ మల్‌డౌనీ 1977, 1980, 1982లలో అమెరికా డ్రాగ్ రేసుల్లో అన్నిటికన్నా వేగమైన టాప్ ఫ్యూయల్ తరగతి చాంపియన్. టర్బో లేకుండా సొంత ఊపిరితో పరిగెత్తే ఇంజన్ల తరగతి ప్రో స్టాక్‌లో 2014లో ఎరికా ఎండర్స్ చాంపియనైంది. ఆ తరగతిలో ఒక స్త్రీ గెలవడం అదే మొదలు. 2023 నాటికి ఆమె ఆరుసార్లు గెలిచింది.

అయితే నాకు భయం లేదని కాదు. షెడ్డు మూలన గోనెపట్టా కప్పిన మోటారు సైకిలు ఒకటుంది. తమ్ముడి స్నేహితుడిది. రెండేళ్ళ కిందట ఒక రాత్రి రింగురోడ్డు మీద పందెం వేసుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. బండి తీసుకెళ్ళడానికి వాళ్ళ నాన్న ఇప్పటికీ రాలేదు. మేమెవరమూ అడగలేదు.

అందుకే డబ్బు ఇస్తూ ఒక షరతు పెట్టాను. ఈ కారు రోడ్డెక్కకూడదు. మోటారు పోటీల జాతీయ సమాఖ్య అనుమతి ఉన్న చోటికి లారీ మీదే వెళ్ళాలి, లారీ మీదే రావాలి. రోడ్ల మీద పందేలు వేస్తే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను కింద మొదటి తప్పుకే మూడు నెలల దాకా జైలు గానీ, అయిదు వేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి. జరిమానా కట్టగలం. ఆ గోనెపట్టా కింది బండి ఖరీదు ఎవరు కడతారు?

చిన్న కామూ, దానికి తగిన వాల్వు స్ప్రింగులూ కొన్నాం. మళ్ళీ మట్టి అద్ది కొలిచాకే బిగించాడు. మిగిలిన డబ్బుతో హెల్మెట్టూ, సీటు బెల్టు పట్టీలూ.

మొన్న సాయంత్రం ఇంజను మొదటిసారి స్టార్టు చేశాడు. అందరం చుట్టూ నిలబడ్డాం. గుడగుడమంటూ బాగానే తిరుగుతోంది. అమ్మ మాత్రం తల పక్కకి వంచి వింది.

"ఒకటి టకటక కొట్టుకుంటుంది రా. అటు పక్కది."

"నీకేం తెలుస్తదే అమ్మా!" అంటూనే వాడు ఇంజను ఆపి, చల్లారాక మూత విప్పి కొలిచాడు. చివరి వాల్వుకి సందు ఎక్కువైంది.

షోలాపూరులో నలభై మగ్గాల హోరులో, తప్పిన మగ్గమేదో చెవితోనే పట్టేసేదట అమ్మ. వాడు నోరు మూసుకుని టాపెట్ బిగించాడు.