అవసరానికి మొలిచే ముల్లు

తాబేలు డిప్ప పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా వీపు మీదే ఉంటుంది. శత్రువు ఉన్నా లేకపోయినా మోయాల్సిందే. ఇంకో రకం జీవులున్నాయి. శత్రువు దగ్గర్లో ఉన్నాడని తెలిశాకే అవి ఒంట్లో రక్షణ ఏర్పాటు చేసుకుంటాయి. జీవశాస్త్రంలో దీన్ని ‘ప్రేరిత రక్షణ’ అంటారు. ఎంబీఏలో రిస్క్ మేనేజ్‌మెంట్ చదువుకుని బ్యాంకులో ఆ పనే చేస్తున్న నాకు, దీని గురించి చదువుతుంటే మన పాఠాన్నే చెరువు గట్టున కూర్చుని విన్నట్టు అనిపించింది.

చెరువులో వాసన

డాఫ్నియా మంచినీటి చెరువుల్లో బతికే చిన్న జీవి. రొయ్యలకు దూరపు చుట్టం, పొడవు కొద్ది మిల్లీమీటర్లే. ఆక్వేరియం చేపలకు మేతగా కూడా వేస్తుంటారు. కేయోబోరస్ అనే ఈగ పిల్లపురుగు దీనికి శత్రువు. అద్దంలా పారదర్శకంగా ఉండే ఈ పురుగు నీళ్లలో కదలకుండా కాచుకుని, డాఫ్నియా పిల్లలను పట్టి తింటుంది.

ఆ పురుగున్న నీళ్లలో పెరిగే డాఫ్నియా పిల్లలకు మెడ వెనుక పళ్లలాంటి చిన్న మొనలు మొలుస్తాయి. పురుగుకు పట్టు సరిగా దొరకదు, చాలా పిల్లలు తప్పించుకుంటాయి. అదే తల్లి పిల్లలు పురుగు లేని నీళ్లలో పెరిగితే మెడ నున్నగానే ఉంటుంది. డాఫ్నియా మామూలుగా మగతోడు లేకుండానే పిల్లల్ని కంటుంది కాబట్టి, ఈ తేడా జన్యువులది కాదు, నీళ్లది.

ఆ నీళ్లలో ఏముందో 2018లో శాస్త్రజ్ఞులు తేల్చారు. పురుగు తన తిండిని అరిగించుకునేటప్పుడు తయారయ్యే కొన్ని కొవ్వు ఆమ్లాల సమ్మేళనాలు నీళ్లలో కలుస్తాయి. డాఫ్నియా పసిగట్టేది వాటినే. తిండి తింటున్నంతకాలం పురుగు ఆ వాసనను దాచుకోలేదు. ఇంతకంటే నమ్మదగిన సంకేతం ఏముంటుంది?

చేప వాసన తగిలితే డాఫ్నియా పద్ధతి మారిపోతుంది. కేయోబోరస్ చిన్నవాటిని పడుతుంది, చేప పెద్దవాటిని ఏరి తింటుంది. అందుకని చేపలున్న చోట డాఫ్నియా చిన్న సైజులోనే, త్వరగా పిల్లలు పెట్టడం మొదలుపెడుతుంది. పగటిపూట చీకటిగా ఉండే లోతుకు దిగిపోతుంది. ఒక శత్రువు నుంచి కాపాడే ఉపాయం ఇంకో శత్రువు ముందు ముప్పు కావచ్చు. కాబట్టి ప్రమాదం ఉందని తెలిస్తే చాలదు, అది ఏ ప్రమాదమో తెలియాలి.

పొగాకు లెక్క

మొక్క పారిపోలేదు. 1972లో అమెరికాలో గ్రీన్, రయాన్ అనే శాస్త్రజ్ఞులు ఒక విషయం చూపించారు. బంగాళదుంప, టమాటా మొక్కల్లో ఒక ఆకును పురుగు కొరికితే, కొరకని ఆకుల్లో కూడా ఒక పదార్థం పేరుకుంటుంది. పురుగు కడుపులో ప్రొటీన్లు అరగకుండా అది అడ్డుపడుతుంది.

పొగాకు ఇంకా తెలివైనది. ఆకుకు గాయమైతే జాస్మోనేట్ అనే హార్మోన్ ద్వారా వేళ్లకు కబురు అందుతుంది. వేళ్లలో నికోటిన్ తయారై పైకి, ఆకుల్లోకి చేరుతుంది. ఒంగోలు వైపు పనిచేసిన రోజుల్లో పంట రుణాల తనిఖీకి వెళ్లినప్పుడు, రైతులు పూమొగ్గ వేసిన పొగాకు మొక్కలకు తల తుంచడం చూసేవాణ్ణి. ఆకు బలంగా రావడానికని చెప్పేవారు. తల తుంచిన మొక్క ఆకుల్లో నికోటిన్ కూడా పెరుగుతుంది.

ఇంత మంచి రక్షణను ఎప్పుడూ ఎందుకు ఉంచుకోదు? ఖర్చు. నికోటిన్ తయారీకి నత్రజని కావాలి, గింజకూ అదే కావాలి. అమెరికాలోని అడవి పొగాకు మీద ఇయాన్ బాల్డ్విన్ చేసిన ప్రయోగాల ఫలితాలు 1998లో వచ్చాయి. జాస్మోనేట్ ఇచ్చి మొక్కల రక్షణను ముందే మేల్కొల్పారు. తినే జీవులు దాడి చేసిన చోట అలాంటి మొక్కలకు గింజలు ఎక్కువ వచ్చాయి. దాడి లేని చోట తగ్గాయి. ప్రీమియం కట్టాక ప్రమాదం జరగకపోతే ఆ డబ్బు పోయినట్టే కదా!

నాలుగు షరతులు

ఈ విషయం మీద టోల్‌రియన్, హార్వెల్ 1999లో ఒక పుస్తకం వెలువరించారు. ప్రేరిత రక్షణ లాభసాటి కావాలంటే నాలుగు ఉండాలన్నారు. ప్రమాదం ఒకసారి ఉండి ఒకసారి లేకుండా ఉండాలి. దాని రాక నమ్మకంగా తెలియాలి. రక్షణ నిజంగా పనిచేయాలి. ఆ రక్షణకు ఖర్చుండాలి. ప్రమాదం రోజూ ఉండేదైతే తాబేలు డిప్పే మేలు.

మన బ్యాంకులోనూ రెండు రకాలూ ఉన్నాయి. నగదు గదికి ఇద్దరి దగ్గర తాళాలు, ఒకరి ఎంట్రీని ఇంకొకరు ఆమోదించడం తాబేలు డిప్పలు. వాటి విషయంలో సడలింపు ఉండకూడదు. కేవైసీ అందరికీ ఉన్నా, వివరాల నవీకరణ ఎక్కువ రిస్క్ ఖాతాదారుకు 2 ఏళ్లకు, తక్కువ రిస్క్ వారికి 10 ఏళ్లకు ఒకసారి. వాయిదా దాటిన రుణాన్ని 90 రోజులు గడిచి ఎన్‌పీఏ అయ్యేదాకా వదిలేయకుండా ఎస్‌ఎంఏ మెట్లలో గమనించడం నీళ్లలో వాసన పట్టడమే. ఆ వాసన అందాక కదలకపోతే రిపోర్టు ఉండీ ప్రయోజనం లేదు.

మనం అంతగా పట్టించుకోని సంగతి ఒకటుంది, రక్షణను వెనక్కి తీసుకోవడం. కెన్యాలో ఒక రకం తుమ్మజాతి చెట్ల చుట్టూ కంచె వేసి, జిరాఫీలు, ఏనుగుల్లాంటి పెద్ద జంతువులు రాకుండా చేశారు. కాలం గడిచేకొద్దీ కొత్తగా వచ్చే ముళ్లు పొట్టివయ్యాయి. అదీ వెంటనే కాదు, నెమ్మదిగా. జంతువులు మళ్లీ రావచ్చు కాబట్టి ఆ జాగ్రత్త అర్థమైనదే. ఏదో ఒక మోసం బయటపడ్డాక మనం పెట్టే అదనపు రిజిస్టరు, అదనపు సంతకం మాత్రం ఆ మోసానికి దారి మూసుకుపోయాక కూడా అలాగే ఉండిపోతాయి. ఒక్కొక్కటి చిన్నదే. అన్నీ కలిసి కౌంటర్ దగ్గర ఖాతాదారు సమయాన్ని, మన సిబ్బంది శ్రద్ధను తినేస్తాయి. కొత్త సంకేతాన్ని గమనించాల్సిన కళ్లు పాత ఫారాలు నింపుతుంటాయి.

అందుకే నా సూచన. కొత్త తనిఖీ ఏదైనా పెట్టినప్పుడు, అది ఏ ప్రమాదం కోసమో, ఏ సంకేతం ఆగిపోతే దాన్ని సమీక్షించాలో అదే సర్క్యులర్‌లో ఒక వాక్యం రాయాలి. తీసేసే అధికారం బ్రాంచికి ఉండనక్కర్లేదు. ఫలానా తనిఖీకి ఇక పనిలేదని పైకి చెప్పే దారి ఉంటే చాలు.