అందరికీ అర్జీలు రాశాను... తాతయ్యకి తప్ప!

ఆదివారం సాయంత్రం ఐదయ్యేసరికి మా ఊరి రావిచెట్టు కింద పదిహేడు మంది ముసలాళ్లు వరసగా నిలబడేవారు. ఖాకీ చొక్కా, ఖాకీ ప్యాంటు, నెత్తిన టోపీ, గుండె మీద రంగురంగుల రిబ్బన్లు. సుబేదారు తాత ‘సావధాన్’ అని అరవగానే పదిహేడు జతల బూట్లు ఒక్కసారిగా నేలను తన్నేవి. నిజం చెప్పాలంటే బూట్లు పది జతలే. మిగతావాళ్లవి టైరు చెప్పులు. మా తాతయ్యవీ అవే.

అది మా ఊరి మాజీ సైనికుల సంఘం. పశ్చిమ గోదావరిలో మిలటరీ ఊరంటే అందరూ మాధవరం పేరే చెబుతారు. అంత పేరు లేకపోయినా గోదావరి గట్టు పక్కనున్న మా ఊరి నుంచీ చాలామందే పట్టాళానికి వెళ్లారు. రెండో ప్రపంచ యుద్ధంలో మన దేశం నుంచి పాతిక లక్షల మంది సైన్యంలో చేరారని పుస్తకాల్లో చదివినప్పుడల్లా నాకు ఆ రావిచెట్టే గుర్తొస్తుంది.

వాళ్లు వేసుకునేది ఆర్మీ యూనిఫాం కాదు. సర్వీసు వదిలేశాక అది వేసుకోకూడదని సుబేదారు తాత పట్టుదల. అందుకే సంఘం తరఫున ఖాకీ గుడ్డ కొని అందరికీ ఒకే తీరున కుట్టించారు. భుజాల మీద హోదా గుర్తులు ఉండవు. వరసలో ముందు నిలబడేది కూడా పెద్ద ర్యాంకు వాడు కాదు, ముందు పట్టాళంలో చేరినవాడు. ఆ లెక్కన 1942లో చేరిన మా తాతయ్యది మొదటి వరస.

తాతయ్య మద్రాసు సాపర్స్‌లో పనిచేశాడు. వంతెనలు కట్టడం, రోడ్లు వేయడం, మందుపాతరలు తీయడం వాళ్ల పని. 1945లో బర్మాలో ఐరావతి నది దాటినవాళ్లలో ఆయనా ఉన్నాడు. యుద్ధం అయిపోయింది, 1946లో ఇంటికి పంపేశారు. సిపాయికి పింఛను రావాలంటే పదిహేనేళ్ల సర్వీసు ఉండాలి. ఈయనది నాలుగేళ్లు. చేతిలో డిశ్చార్జి బుక్కు, పెట్టెలో మెడల్సు, అంతే. ఆ తర్వాత నలభై ఏళ్లు కౌలు వ్యవసాయమే.

నాకప్పుడు పదమూడేళ్లు. తాతయ్య ఆ ఖాకీ చొక్కాకి గంజి పెట్టి, ఇత్తడి చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసుకుంటుంటే సిగ్గేసేది. మా స్కూల్లో పిల్లలు వాళ్లని ‘కర్ర తుపాకుల దండు’ అనేవారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వేవాణ్ణి.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. ఆ సంగతి తెలిసిన మర్నాడు రావిచెట్టు కింద పరేడ్ జరగలేదు. రైసుమిల్లు లారీ ఒకటి వచ్చి ఆగింది. పలుగులు, పారలు, తాళ్లు, సున్నం బస్తాలు, కిరోసిన్ డబ్బాలు ఎక్కించుకుని తొమ్మిది మంది అవనిగడ్డ వైపు వెళ్లారు. తాతయ్య కూడా వెళ్లాడు. అప్పటికి ఆయనకి యాభై ఆరేళ్లు.

పన్నెండు రోజులకి తిరిగొచ్చారు. చొక్కాలు ఖాకీ రంగులో లేవు. ఏం చేశారని అడిగితే ‘దార్లు బాగుచేశాం’ అన్నాడు తాతయ్య. అసలు సంగతి నాయక్ తాత చెప్పాడు. చెట్లకీ, తుమ్మకంపలకీ చిక్కుకున్న శవాలను దించి, పూడ్చడమో కాల్చడమో చేశారట. ముక్కులకి కర్పూరం గుడ్డలు కట్టుకుని పొద్దున్నించి రాత్రిదాకా అదే పని.

ఆ రాత్రి తాతయ్య అన్నం ముందు కూర్చుని చెయ్యి కడిగేసుకున్నాడు. నాయనమ్మ కంగారుపడింది.

‘‘బర్మాలో పోయినోళ్ల చేతుల్లో తుపాకులన్నా ఉండేయే. ఇక్కడ పసిబిడ్డలు,’’ అన్నాడు. అంతకుమించి ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆ తర్వాత నేను నవ్వలేదు. పై ఆదివారం నుంచి నేనే వెళ్లి రావిచెట్టు దగ్గర కూర్చునేవాణ్ణి. పరేడ్ అయ్యాక అసలు పని మొదలయ్యేది. అది బయటివాళ్లకి తెలియదు. ఎవరి భార్యకి పింఛను ఆగిపోయింది, ఎవరి పేరు డిశ్చార్జి బుక్కులో ఒకలా, రేషన్ కార్డులో ఒకలా ఉంది, ఎవరి కూతురి పెళ్లికి సాయం అడగాలి... అన్నిటికీ అర్జీలు రాయాలి. నా దస్తూరీ బావుంటుందని సుబేదారు తాత నన్ను కూర్చోబెట్టాడు.

‘‘ముందు నంబరు రాయి. తర్వాత ర్యాంకు, ఆ తర్వాతే పేరు. పేర్లు వెయ్యి మందికి ఉంటాయి, నంబరు ఒక్కడికే ఉంటుంది,’’ అనేవాడు.

అలా ఎనిమిదేళ్లు రాశాను. ఆ అర్జీలు పట్టుకుని ఆయన సొంత డబ్బుతో బస్సెక్కి, ఖాకీ బట్టల్లోనే ఆఫీసులకి వెళ్లేవాడు. ‘‘పంచెలో వెళితే బెంచీ మీద కూర్చోమంటారు. ఇందులో వెళితే కనీసం తలెత్తి చూస్తారు,’’ అనేవాడు నవ్వుతూ. యూనిఫాం ఎందుకో నాకప్పుడు అర్థమైంది.

నాకు ఉద్యోగం వచ్చి ఊరు వదిలాను. 1986 ఆగస్టులో గోదావరి వరద మా ఇంట్లోకి నడుంలోతు వచ్చింది. తాతయ్య ట్రంకుపెట్టె మూడు రోజులు నీళ్లలో ఉండిపోయింది. డిశ్చార్జి బుక్కు ముద్దయిపోయింది. సిరా అంతా కరిగి ఒక నీలం మరక మిగిలింది.

ఆ తర్వాత పింఛను లేని రెండో ప్రపంచ యుద్ధ సైనికులకి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం గురించి సంఘంలో తెలిసింది. మిగతావాళ్లు దరఖాస్తు పెట్టుకున్నారు. తాతయ్య వెళితే బుక్కు చూపించమన్నారు. నేను పండక్కి వచ్చినప్పుడు మెల్లగా అన్నాడు: ‘‘ఒరే, బెంగుళూరు రికార్డు ఆఫీసుకి ఓ ఉత్తరం రాస్తే కాయితం పంపిస్తారంట. నీకు తీరికున్నప్పుడు...’’

నంబరు ఆయన నోటికే ఉంది. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. పావుగంట పని. అలాగే తాతయ్యా అన్నాను. సంక్రాంతి వెళ్లింది, ఉగాది వెళ్లింది, ఇంకో సంక్రాంతి వచ్చింది. ఆయన మళ్లీ అడగలేదు. ఊళ్లో ఎవరెవరికో రాసినవాణ్ణి, మా ఇంట్లో మనిషికి రాయడానికి రెండేళ్లు పట్టింది.

ఉత్తరం వేసిన నెలకి తాతయ్య పోయాడు. అప్పటికి సంఘంలో ఆరుగురే మిగిలారు. ఆరుగురూ ఖాకీలో వచ్చారు. ఎవరో జాతీయ జెండా తెస్తే సుబేదారు తాత వద్దన్నాడు. ‘‘దానికో పద్ధతుంది. మన ఇష్టానికి కప్పకూడదు,’’ అని, తాతయ్య టోపీ, మెడల్సు ఆయన గుండెల మీద పెట్టి, సెల్యూట్ చేశాడు. పాడె గేటు దాటేదాకా ఆ చెయ్యి దించలేదు.

పెద్దకర్మ అయిన వారానికి బెంగళూరు నుంచి కవరొచ్చింది. నంబరు, ర్యాంకు, పేరు, చేరిన తేదీ, వదిలిన తేదీ. అన్నీ ఉన్నాయి. ఆ కాగితం పట్టుకుని గుమ్మంలో ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు.

ఆ కాగితంతోనే నాయనమ్మకి సాయం మంజూరైంది. దరఖాస్తు ఇవ్వడానికి ఆవిడ వెంట నేనూ, సుబేదారు తాతా వెళ్లాం. ఆయనకి అప్పటికే సరిగ్గా కనబడేది కాదు. అయినా ఇస్త్రీ మడత నలగని చొక్కా వేసుకొచ్చాడు.

ఇప్పుడు రావిచెట్టు ఉంది, వరస లేదు. మీ ఇంట్లో పాత సైనికుడో, ఆయన భార్యో ఉంటే ఈ ఆదివారం ఒక్క పని చేయండి. నంబరు, ర్యాంకు, పేరు ఒక కాగితం మీద రాసి నాలుగు జిరాక్సులు తీయించండి. డిశ్చార్జి బుక్కు ఫోన్లో ఫొటో తీసుకోండి. లేకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి, రికార్డు ఆఫీసుకి రాయండి. పావుగంట పని.

ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న జెండా ఇచ్చి విరాళం తీసుకుంటారు. మొదటి సాయం అందిన ఏడాది నాయనమ్మ ఆ హుండీలో పది రూపాయలు వేసింది. జెండా తను పెట్టుకోలేదు. తాతయ్య ఫొటోకి గుచ్చి, నా వైపు తిరిగి, ‘‘రాశావుగా... ఇక ఊరుకో,’’ అంది.