పసుపు పోరు... పన్నెండు యంత్రాలు

ఒక్క లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీ! 2019లో నిజామాబాద్‌లో జరిగిన ముచ్చట ఇది. పసుపు బోర్డు కావాలి, పసుపుకీ ఎర్రజొన్నకీ మద్దతు ధర ఇవ్వాలి అంటూ మోర్తాడ్‌, ఆర్మూరు, బాల్కొండ తదితర ప్రాంతాల రైతులు 170 మందికి పైగా బరిలోకి దిగారు. వాళ్లకు ఎదురుగా ఉన్నది సిట్టింగ్‌ ఎంపీ, అప్పటి ముఖ్యమంత్రి కూతురు కవిత.

ఎన్నిక జరపాల్సింది మాత్రం ఆ ముఖ్యమంత్రి ప్రభుత్వంలో పనిచేసే ఉద్యోగులే! జీతం, బదిలీ అన్నీ అక్కడే. ఎన్నికలయ్యేదాకా చట్టం వాళ్లని ఎన్నికల సంఘం కింద ఉంచుతుంది... ఆ తర్వాత మళ్లీ పాత కుర్చీలే. అసలు ఇరకాటం అదే.

1996లో నల్గొండలో 480 మంది నిలబడితే పోలింగే వాయిదా పడింది. ఇక్కడ పడలేదు. కాగితపు బ్యాలెట్‌ పెట్టాలన్న రైతుల కోరికకూ సంఘం తలూపలేదు. కొత్తరకం ఈవీఎంలు తెప్పించింది. ఒక్కో యూనిట్‌లో 16 మీటలు. 185 పేర్లు, నోటా కలిపి బూత్‌కి 12 యూనిట్లు! ఏప్రిల్‌ 11న ముఖ్యమంత్రి కూతురికీ ఒక మీటే, పసుపు రైతుకీ ఒక మీటే.

మే 23న లెక్క తేలింది. భాజపా అభ్యర్థి అరవింద్‌ చేతిలో కవిత 70 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు.