గోటితో పోవు పనికి గొడ్డలి యేల?

అనంతగిరి కొండలమీదుగా అరకులోయనుండి మైదానమునకు దిగివచ్చు ఘాటుదారిలో, మలుపు మలుపునకును బ్రేకు త్రొక్కుచు వచ్చిన వాహనమును దారిప్రక్కన నిలిపినప్పుడు, ముందు చక్రములకడనుండి మాడువాసన యొకటి ముక్కుకు సోకుట పలువురకు అనుభవములోనిదే. రెండు టన్నుల బరువుగల ఫోర్ వీల్ డ్రైవ్ వాహనము గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవునప్పుడు దానియందుండు గతిశక్తి, ఒక లీటరు నీటిని ఇంచుమించుగా మరుగునంతవరకు కాచుటకు చాలును. అదే వాహనము 800 మీటర్ల యెత్తునుండి క్రిందికి దిగునప్పుడు బ్రేకులును, ఇంజనును, ఎదురుగాలియు కలిసి హరింపవలసిన శక్తి యేబది లీటర్ల నీటిని కాచుటకు సరిపోవును. ఆ మాడువాసన బ్రేకులు పడిన శ్రమకు ఆనవాలు.

ఈ శ్రమను ముఖ్యముగా మోయునవి రెండు వస్తువులు: చక్రముతోపాటు తిరుగు పోత యినుప డిస్కు యొకటి, దానిని ఇరువైపులనుండి అదిమిపట్టు ప్యాడ్ల జత మరియొకటి. పెడలు త్రొక్కగానే బ్రేక్ ఆయిలు ఒత్తిడిచే క్యాలిపరులోని పిస్టను ముందుకు జరిగి ప్యాడ్లను డిస్కునకు నొక్కును. ఆ రాపిడివలన చలనము ఉష్ణమై గాలిలో కలియును. ఫ్రెడరిక్ లాంచెస్టర్ అను ఆంగ్లేయ యంత్రనిపుణుడు 1902లోనే ఇట్టి బ్రేకునకు పేటెంటు పొందెను. 1953లో ఫ్రాన్సుదేశమందలి ల మాన్ పందెమున డిస్కు బ్రేకుల జాగ్వార్ కారు గెలిచిన పిమ్మట దీని ఖ్యాతి లోకమున వ్యాపించినది.

ప్యాడ్లు అరుగుటకే పుట్టినవి; డిస్కు వాటికంటె చిరకాలము నిలువవలసినది. ఈ భేదమును గ్రహించినవాడే బ్రేకుల వ్యయమును అదుపులో నుంచుకొనగలడు. క్రొత్త ప్యాడుమీది రాపిడి పదార్థము సాధారణముగా 10 నుండి 12 మిల్లీమీటర్ల మందముండును. అది 3 మిల్లీమీటర్లకు తరిగినప్పుడు మార్చివేసినచో ఖర్చు ప్యాడ్లతో ముగియును. అట్లుగాక, ఆ పదార్థము తరిగినప్పుడు హెచ్చరించుటకై కొన్ని ప్యాడ్లకు అమర్చిన సన్నని రేకు డిస్కును తాకి కీచుమని మొరపెట్టుచున్నను వినక బండిని నడిపినచో, వెనుకనున్న ఉక్కుపలక బయటపడి డిస్కును గాడులుపడ గీచివేయును. గోటితో పోవుదానిని గొడ్డలిదాక తెచ్చుకొనుట యనగా నిదియే.

బరువెక్కువ యగుటచేతను, బురదయు ఇసుకయు ప్యాడ్ల నడుమ చేరి ఆకురాయివలె అరుగదీయుటచేతను, కొందరు మోజుపడి వేయించు పెద్ద టైర్లు బ్రేకులకు అదనపు భారమగుటచేతను, ఫోర్ వీల్ డ్రైవ్ వాహనములకు జాగ్రత్త మరింత అవసరము. అయితే మూడు తలుపుల థార్ వంటివాటికి ముందు మాత్రమే డిస్కులుండి వెనుక డ్రమ్ములుండును గనుక, అట్టివాటికి కావలసినవి నాలుగు ప్యాడ్లును, తప్పనిసరియైనచో రెండు డిస్కులును మాత్రమే. ఒక చక్రమునకు మార్చి రెండవదానిని విడిచిపెట్టరాదు. అట్లు విడిచినచో బ్రేకు వేసినప్పుడు బండి యొకవైపునకు లాగును.

పెడలు పాదము క్రింద అదరుచుండగనే డిస్కు వంకరపోయినదని తీర్మానించి క్రొత్తది కొనుట తొందరపాటు. డిస్కునకును హబ్బునకును నడుమ పేరుకొనిన త్రుప్పు కూడ డిస్కును తిన్నగా కూర్చుండనీయదు. మిల్లీమీటరులో ఇరువదవ వంతు తొణుకు సైతము పాదమునకు తెలియవచ్చును. త్రుప్పును తీగెబ్రష్షుతో రాచి చూచుటకు పైసా ఖర్చులేదు. గాడులు లోతుగా లేనిచో బెజవాడ ఆటోనగర్ వంటి చోట్ల లేత్‌మీద డిస్కు రెండు ముఖములను సమముగా ఫేసింగు చేయించవచ్చును. కాని డిస్కుమీదనే చెక్కబడియుండు కనీస మందమును చూచి, మైక్రోమీటరుతో కొలిచి, కోత పిమ్మట అంతకు తగ్గదని నిశ్చయించుకొనవలెను. తగ్గునెడల క్రొత్త డిస్కు తప్ప గత్యంతరము లేదు. పలుచని డిస్కు వేడిని తాళలేదు.

కొనుగోలునందును వివేకమునకు చోటున్నది. వాహన సంస్థ పేరుగల డబ్బాలో వచ్చు ప్యాడ్లు అనేకపర్యాయములు వేరొక బ్రేకుల తయారీదారు చేసియిచ్చినవే. వాటినే తయారీదారు సొంత పేరుతో కొనినచో ధర తగ్గుట కలదు. 1962లో స్థాపితమై మదరాసు పాడిలో వెలసిన బ్రేక్స్ ఇండియా అట్టి తయారీదారులలో నొకటి. బిల్లులేని ఊరుపేరులేని సరకు ఎంత చవుకైనను కొనరాదు. పొదుపు వేరు, ప్రాణముతో పందెము వేరు.

పని తెలిసిన పెద్దవారి ప్రక్కన ఒకసారి నిలిచి చూచినవానికి ప్యాడ్లు మార్చుట ఒక పూటపని. చదునైన నేలపై బండి నిలిపి, నేలను తాకియుండు చక్రములకు ముందువెనుకల దిమ్మెలు పెట్టి, చక్రము నేలమీద నుండగనే నట్లు వదులుచేసి, జాకీతో లేపిన పిమ్మట స్టాండుపై నిలుపవలెను. ఒంటి జాకీని నమ్మి బండి క్రిందికి చేయి చాపరాదు. క్యాలిపరును విప్పి, దాని భారము గొట్టముపై పడకుండ తీగెతో కట్టి వ్రేలాడదీసి, బ్రేక్ ఆయిలు డబ్బా పొంగుచున్నదేమో గమనించుచు పిస్టనును సీ క్లాంపుతో మెల్లగా లోనికి నెట్టవలెను. క్యాలిపరు జారుడు పిన్నులను తుడిచి వేడికి తాళు గ్రీజు పూయుట మరువరాదు. ఇవి బిగిసిపోవుటవలననే పెక్కుసార్లు ఒక ప్యాడు మాత్రమే అరుగును. క్రొత్త డిస్కుపై నుండు నూనెను క్లీనరుతో కడుగవలెను. పాత ధూళిని నోటితోగాని గాలితోగాని ఊదక, తడిగుడ్డతో తీయవలెను. అందు ఆస్బెస్టాసు ఉండవచ్చును.

ఫోర్ వీల్ డ్రైవ్ వాహనములవారు మరి రెండు సంగతులు తెలిసియుండవలెను. ల్యాండ్‌రోవర్ డిఫెండర్ పాత మోడళ్లలో హ్యాండుబ్రేకు చక్రములమీద గాక ప్రొపెల్లర్ షాఫ్టుపై పనిచేయును. ఒక చక్రమును లేపగానే డిఫరెన్షియలు వలన ఆ పట్టు సడలి బండి కదలిపోవచ్చును గనుక దిమ్మెలు అక్కడ అలంకారము కాదు. సాలిడ్ యాక్సిలు గల కొన్ని పాత వాహనములలో డిస్కు హబ్బు వెనుక బిగింపబడియుండుటచే, దానిని మార్చుటకు బేరింగులను సైతము విప్పవలసివచ్చును. ఆ పనిని నిపుణుడైన మెకానిక్కునకు విడుచుటయే మేలు.

బిగింపు ముగిసిన వెంటనే, బండి కదలింపక మునుపే, పెడలు గట్టిపడువరకు పలుమారులు త్రొక్కవలెను. ఇది మరచినవానికి మొదటి బ్రేకు పడదు. పిమ్మట ఖాళీ రోడ్డుపై 50 కిలోమీటర్ల వేగమునుండి 10కి పూర్తిగా నిలుపకయే తగ్గించుచు, నడుమ చల్లారుటకు వ్యవధి యిచ్చుచు, పదిసార్లు చేసినచో ప్యాడ్లును డిస్కును ఒకదానికొకటి యొదుగును. తేమను పీల్చుకొను స్వభావముగల బ్రేక్ ఆయిలును రెండేండ్లకొకసారి మార్చవలెను. డాట్ 4 రకము క్రొత్తగా 230 డిగ్రీలకు తగ్గక మరుగునట్టిది, తేమ చేరిన పిమ్మట 155 డిగ్రీలకే మరుగవచ్చును. మరిగిన ఆయిలులో ఆవిరి చేరినచో పెడలు నేలకంటును గాని బండి నిలువదు.

వీటన్నింటికంటె చవుకయైన ఉపాయము లారీ డ్రైవర్లు తరతరములుగా పాటించుచున్నదే: ఏ గేరులో కొండ నెక్కవలసివచ్చునో ఆ గేరులోనే దిగవలెను. అప్పుడు ఇంజనే సగము బ్రేకు. ఆ తీరున దిగినవాడు అనంతగిరి పాదమున బండి నిలిపినప్పుడు, చక్రములకడ వాసన లేకుండుటయే అతడు మిగిల్చిన డబ్బునకు లెక్క.