మనకు సప్తమి... విక్రమ్‌కు ఉదయం!

సూళ్లూరుపేట: రాకెట్ ఎగిరే రోజున ఈ ఊరి వీధులు తిరునాళ్లను తలపిస్తాయి. 2023 జులై 14 మధ్యాహ్నం 2.35 గంటలకు శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 నింగికెగసింది. ఆగస్టు 23 సాయంత్రం 6.04 గంటలకు విక్రమ్ చంద్రునిపై కాలుమోపినప్పుడు దేశమంతా టీవీలకు అతుక్కుపోయింది. మరి ఆ ఘడియలో వాకిట్లోకి వచ్చి తలెత్తి చూసిన వారెందరు? మబ్బు లేని చోట దక్షిణాకాశంలో దాదాపు సగం చంద్రుడు కనిపిస్తూనే ఉన్నాడు. ఆనాడు నిజ శ్రావణ శుద్ధ సప్తమి.

ఆ తిథికీ, విక్రమ్ దిగడానికీ సంబంధం ఉంది. విక్రమ్ సూర్యరశ్మితో పనిచేసే యంత్రం. చంద్రునిపై పగలు మన లెక్కలో సుమారు 14 రోజులు, రాత్రి కూడా అంతే. కనుక ఎంచుకున్న చోట తెల్లవారిన కొద్ది కాలానికే దిగితేనే పగలంతా కలిసివస్తుంది. ఆ ఉదయాన్ని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. మనమైతే కంటితోనే పోల్చుకోవచ్చు.

సరిహద్దును చూడండి

శుక్లపక్షంలో చంద్రబింబంపై వెలుగు, చీకటి కలిసే గీత ఉంటుంది. ఆ గీత పొడవునా చంద్రునిపై అప్పుడే సూర్యోదయమవుతోందన్న మాట. రోజురోజుకూ ఆ గీత జరుగుతూ పోతుంది, వెలుగు పెరుగుతుంది. పౌర్ణమి దాటాక వచ్చే గీత సూర్యాస్తమయానిది.

బైనాక్యులర్స్ ఉన్నవారు పంచమి నుంచి అష్టమి వరకు ఆ గీత వెంబడి చూడాలి. వాలు ఎండలో కొండల నీడలు పొడవుగా సాగి, గుంటలు లోతుగా, స్పష్టంగా కనిపిస్తాయి. పౌర్ణమినాడే బాగా కనిపిస్తాయనుకోవడం పొరపాటు. అప్పుడు ఎండ నిటారుగా పడి నీడలు మాయమవుతాయి. కుందేలుగా మనం చెప్పుకునే నల్లని మచ్చలు మాత్రం బాగా తెలుస్తాయి. అవి ఒకప్పుడు లావా పారి గడ్డకట్టిన మైదానాలు.

నిమ్మకాయతో పరీక్ష

చంద్రుని కళలు భూమి నీడ వల్ల ఏర్పడతాయని చదువుకున్నవారు కూడా చెబుతుంటారు. ఇది నిజం కాదు. భూమి నీడ చంద్రునిపై పడితే అది గ్రహణం. పౌర్ణమినాడు తప్ప అది రాదు. సందేహం ఉన్నవారు శుద్ధ అష్టమినాడు సాయంత్రం నాలుగు గంటలకు డాబా ఎక్కండి. పడమట ఎండ, తూర్పు వైపు పగటి చంద్రుడు ఉంటారు. ఒక నిమ్మకాయను ఎండ తగిలేలా పట్టుకుని, చేయి చాచి చంద్రుని పక్కకు తెండి. చంద్రునిలో ఎంత భాగం వెలుగుతోందో నిమ్మకాయలోనూ అంతే వెలుగుతుంది. రెండింటికీ దీపం ఒక్కటే, సూర్యుడు. సగం ఎప్పుడూ వెలుగులోనే ఉంటుంది. అందులో మనకు కనిపించేది ఎంత అన్నదే కళ.

మళ్లీ సప్తమి వచ్చింది

తన పని ముగించిన విక్రమ్‌ను సెప్టెంబరు 4న నిద్రపుచ్చారు. ఆ తరువాత అక్కడ పొద్దుగూకింది. ఉష్ణోగ్రత మైనస్ 150 డిగ్రీలకంటే దిగువకు పడిపోయే రాత్రి అది. ఒక కళ తిరిగి రావడానికి సుమారు ఇరవై తొమ్మిదిన్నర రోజులు పడుతుంది. సెప్టెంబరు 22న, వినాయక చవితి వెళ్లిన నాలుగో నాడు, మళ్లీ సప్తమి. విక్రమ్ చెంత మళ్లీ తెల్లవారింది. శాస్త్రజ్ఞులు పిలిచారు, జవాబు రాలేదు. ఆ సాయంత్రం కూడా చంద్రుడు మన డాబాల మీదే ఉన్నాడు.

రాకెట్ చూడటానికి పిల్లల్ని భుజాలపై ఎక్కించుకుని వచ్చే తండ్రులు ఈ ప్రాంతంలో తక్కువేమీ కాదు. ఆ ఉత్సాహంలో కొంత చంద్రునిపైనా చూపాలి. ఇందుకు ఖర్చేమీ లేదు. పాఠశాలల్లో ఉపాధ్యాయులు ఒక్క పక్షంపాటు పిల్లల చేత రోజూ చంద్రుని బొమ్మ గీయించి, తిథి రాయించాలి. చంద్రుడు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడన్న సంగతి అప్పుడు ఎవరూ చెప్పనక్కర లేకుండానే వారికి తెలుస్తుంది. గోడకు వేలాడే పంచాంగంలోని అంకెలకు అర్థం ఆకాశంలో కనిపిస్తుంది.

ఈసారి సప్తమినాడు మబ్బు లేకపోతే, అన్నం తినే ముందు ఒక్కసారి వాకిట్లోకి రండి. విక్రమ్ నిలిచి ఉన్న చోట అప్పుడు ఉదయపు ఎండ పడుతుంటుంది.