స్పానిష్ దినచర్యకు తెలుగు ‘కొను’ తోడు

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్న కిష్టారం ప్రాంతం కోయ, గోండి, తెలుగు, హిందీ భాషలు కలిసే బస్తర్ దక్షిణపు అంచు. ఇలాంటి చోట ఇంటి భాష ఒకటి, బడి భాష మరొకటి కావడం సాధారణం. వీటికి తోడు విదేశీ భాష నేర్వవలసి వస్తే, దానిని ఆంగ్లం ద్వారానే అందుకోవాలన్న అభిప్రాయం బలంగా ఉంది. జాతీయ విద్యావిధానం-2020 మాధ్యమిక స్థాయిలో బోధించదగిన విదేశీ భాషల్లో స్పానిష్‌ను పేర్కొంది. ఆ భాషలో దినచర్యను చెప్పే పాఠానికి మాత్రం ఆంగ్లం కంటే తెలుగే దగ్గరి దారి.

కర్త చేసే పని ఫలితం తిరిగి కర్తకే చెందినప్పుడు తెలుగు క్రియకు ‘కొను’ చేరుతుంది. పళ్లెం కడుగుతాం, చేతులు కడుక్కొంటాం. బిడ్డకు తల దువ్వుతాం, మనం దువ్వుకొంటాం. తమిళంలోని ‘కొళ్’, కన్నడంలోని ‘కొళ్ళు’ కూడా ఈ ధాతువుకు చెందినవే. ఇదే పనికి స్పానిష్ ఒక సర్వనామాన్ని వాడుతుంది. ‘లావో ఎల్ ప్లాతో’ అంటే పళ్లెం కడుగుతాను. ‘మె లావో లాస్ మానోస్’ అంటే చేతులు కడుక్కొంటాను. ఇక్కడ ‘నా చేతులు’ అననవసరం లేదు. ఆంగ్లం కోరే ఆ ‘నా’ తెలుగులోనూ, స్పానిష్‌లోనూ అదనమే.

తేడా ఒకటుంది. తెలుగు ‘కొను’ ఎవరికైనా ఒక్కటే. స్పానిష్ సర్వనామం కర్తను బట్టి మారుతుంది: నేనుకు మె, నీవుకు తె, అతడు, ఆమె, వారుకు సె, మేము, మనంకు నోస్. ఒక్కరినే గౌరవంగా ‘మీరు’ అన్నప్పుడు కూడా సె వస్తుంది. క్రియాంతం సైతం దానితో పాటే మారాలి. ‘మె లెవాంతో’ సరైనది. ‘మె లెవాంతా’ తప్పు. సాధారణంగా సర్వనామం క్రియకు ముందు నిలుస్తుంది. ‘లే’ అని ఆజ్ఞాపించేటప్పుడు మాత్రం చివర చేరి ‘లెవాంతతె’ అవుతుంది.

ఒక రోజును వరుసగా చెబితే: మె దెస్ప్యెర్తో (మేల్కొంటాను), మె లెవాంతో (లేస్తాను), మె దూచో (స్నానం చేస్తాను), మె విస్తో (బట్టలు వేసుకొంటాను), మె అక్వెస్తో (పడుకొంటాను). వీటిలో లేవడానికీ, స్నానానికీ తెలుగులో ‘కొను’ లేదు; స్పానిష్‌లో మాత్రం ‘మె’ తప్పనిసరి. తెలుగువారు కంఠస్థం చేయవలసినవి ఇటువంటి క్రియలే. వాటికి సాయపడే సూత్రమూ తెలుగులోనే ఉంది. ‘లేపు’, ‘లేచు’ అనే జంటలో మొదటిది ‘లెవాంతార్’ అయితే, రెండవది ‘లెవాంతార్సె’. ‘మేల్కొలుపు’, ‘మేల్కొను’ జంట కూడా అంతే.

‘వారు కొట్టుకొన్నారు’ అన్నప్పుడు ‘కొను’ పరస్పర క్రియను సూచిస్తుంది. స్పానిష్ ‘సె’ కూ ఈ అర్థముంది. ఇంటి భాష వ్యాకరణాన్ని పక్కనపెట్టి మొదలుపెట్టే విద్యార్థి, తనకు అప్పటికే తెలిసిన దానిని పరాయి పాఠంగా మళ్లీ నేర్వవలసి వస్తుంది. ఆ భాషతోనే పోల్చి చెబితే, కొత్తగా నేర్చుకోవలసింది తేడాలు మాత్రమే.